గడ్డి కమ్మేసిన డిస్క్ గోల్ఫ్ కోర్సులో ఆడేదెలా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలోని చిన్న ఊళ్ళ నుంచి ఈమధ్య డిస్క్ గోల్ఫ్ మీద వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు: బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, గుంటకి బదులు గొలుసులు వేలాడే ఇనుప బాస్కెట్. టీ అనే మొదలుపెట్టే చోట నించుని డిస్కు విసరాలి, అది పడిన చోటి నుంచి మళ్ళీ విసరాలి, బాస్కెట్‌లో పడేదాకా ఎన్ని త్రోలు పట్టాయన్నదే లెక్క. ఒక టీ నుంచి దాని బాస్కెట్ దాకా ఉన్నదాన్ని హోల్ అంటారు. చాలా కోర్సులు ఊరి పార్కుల్లోనే ఉంటాయి, ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. చిక్కంతా ఆ తరవాత వస్తుంది. ఏదో ఒక ఏడాది ఉత్సాహంగా బాస్కెట్లు పాతేస్తారు, ఆపైన పట్టించుకునేవాళ్ళుండరు. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ అలాంటి కోర్సుల గురించే.

ప్రశ్న: మేముండేది మిస్సోరిలో ఓ చిన్న యూనివర్సిటీ ఊళ్ళో. పార్కు వెనక 9 హోల్స్ కోర్సు ఉంది. బోర్డులు ఎండకి వెలిసిపోయాయి. నాలుగో హోల్ అయ్యాక అయిదోది ఎక్కడుందో అంతుపట్టదు. గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. అసలు ఎలా మొదలెట్టాలి? — ఎం.ఎస్. విద్యార్థి

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆడకండి, నడవండి. 9 హోల్స్ చుట్టి రావడానికి ముప్పావుగంట చాలు. యూడిస్క్ యాప్‌లో మీ ఊరి కోర్సు మ్యాపు దాదాపు ఉండే ఉంటుంది. ఎవరో ఆటగాళ్ళు ఎప్పుడో పెట్టినది కాబట్టి దాన్ని గుడ్డిగా నమ్మకుండా దిక్కు తెలుసుకోవడానికి మాత్రం వాడుకోండి. ఆ మ్యాపు గీసిన తరవాత బాస్కెట్ చోటు మారి ఉండవచ్చు.

టీ దొరకనప్పుడు వెనకనుంచి వెతకడం తేలిక. బాస్కెట్లు నిలువెత్తున ఉంటాయి కనక కనిపిస్తాయి, టీలు నేలబారుగా ఉంటాయి కనక గడ్డిలో మునిగిపోతాయి. అందుకని ముందు బాస్కెట్ దగ్గరికి పోయి, అక్కణ్ణుంచి చెట్ల మధ్య ఎటువైపు సందు తెరుచుకుని ఉందో చూడండి. మనిషి చేత్తో నరికిన సందు తిన్నగా ఉంటుంది, కొమ్మలు ఒకే ఎత్తులో తెగి ఉంటాయి. ఆ సందులో 200 నుంచి 350 అడుగులు వెనక్కి నడిస్తే కాలికి సిమెంటు పలక తగులుతుంది. తరవాతి హోల్ టీ మామూలుగా ఈ బాస్కెట్‌కి దగ్గర్లోనే ఉంటుంది. కొన్ని బాస్కెట్ల అడుగున తరవాతి టీ దిక్కు చూపించే బాణం గుర్తు బిగించి ఉంటుంది, ఆకులు తుడిచి చూడండి. నేలలో మూతపెట్టిన ఇనుప గొట్టం కనిపిస్తే అది బాస్కెట్‌కి రెండో స్థానం. మీ మ్యాపు తప్పనిపించడానికి సగం కారణం ఇదే.

నడిచేటప్పుడు మూడు విషయాల మీద కన్నేసి ఉంచండి. ఒకటి, తలమీద వేలాడే ఎండుకొమ్మలు. వాటికింద నించుని విసరాల్సిన హోల్ అయితే దాన్ని వదిలేయండి. రెండు, బాస్కెట్ పైపట్టీ లోపలి అంచు. కందిరీగలకి అది ఇష్టమైన చోటు, చెయ్యి పెట్టేముందు ఒంగి కిందనుంచి చూడాలి. మూడు, గడ్డికింద గ్రౌండ్‌హాగ్ తవ్విన బొరియలు. పరుగెత్తే కాలు అందులో దిగితే చీలమండ పోతుంది. నాలుగు రంగు రిబ్బన్లు జేబులో వేసుకెళ్ళి బొరియ పక్కన పుల్లకి కట్టేస్తే మీ తరవాత వచ్చేవాళ్ళకీ పనికొస్తుంది.

బాస్కెట్ పూర్తిగా మాయమైన హోల్ ఉంటే దాన్ని దాటేయకండి, ఓ చెట్టుని గురి పెట్టుకోండి. మొదలులో నడుమెత్తున ఓ గుడ్డ కట్టి, ఆ ఎత్తులో డిస్కు తగిలితే హోల్ అయినట్టు. ఇదేమీ చిన్నతనం కాదు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ మొదటి శాశ్వత కోర్సు వేసినప్పుడు గురిగా పాతినవి ఉత్త గుంజలే. గొలుసుల బాస్కెట్ ఆ తరవాతే వచ్చింది.

ప్రశ్న: కొత్త డిస్కులు మూడు కొంటే రెండు మొదటి వారమే గడ్డిలో పోయాయి. ఒక్కోటి 18 డాలర్లు. గడ్డి కొయ్యని కోర్సులో ఎలాంటి డిస్కులు వాడాలి? పోయినదాన్ని ఎలా వెతకాలి? — పాఠకుడు, అయోవా

ముందు రంగు సంగతి. పచ్చ, గోధుమ, నలుపు, లోపలికి కనిపించే పారదర్శకపు రకాలు వద్దేవద్దు. ఎండాకాలం గడ్డిలో బాగా కొట్టొచ్చినట్టు కనిపించేది ముదురు గులాబీ. ఆకులు రాలే కాలంలో ఎరుపు, నారింజ, పసుపు మూడూ నేలలో కలిసిపోతాయి, అప్పుడు లేత నీలం మేలు.

తరవాత వేగం. డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి: వేగం, తేలడం, మొదట వాలే దిక్కు, చివర్లో వాలే దిక్కు. కొత్తవాళ్ళు అంగట్లో 12, 13 వేగం ఉన్న డ్రైవర్లు (దూరం విసరడానికి చేసిన డిస్కులు) కొంటారు. చేతిలో అంత బలం లేనప్పుడు అది దూరం పోదు సరికదా, చివర్లో కత్తిలా పక్కకి వాలి నిలువుగా గడ్డిలో దిగబడుతుంది. నిలువుగా దిగిన డిస్కు పక్కనుంచి నడిచినా కనిపించదు, కనిపించేది రెండు అంగుళాల అంచే. పొడవు గడ్డిలో మనకి కావలసింది పళ్ళెంలా బల్లపరుపుగా వచ్చి గడ్డిమీద పడుకునే డిస్కు. అంటే బాస్కెట్ దగ్గర వేసే ఒక పటర్, మధ్య దూరానికి 5 వేగం ఉన్న ఒక మిడ్‌రేంజ్, 6 వేగం ఉన్న లెపర్డ్ లాంటి ఒక ఫెయిర్‌వే డ్రైవర్. ఈ మూడూ చాలు. మొదటి ఆరునెలలు నాలుగోది కొనకండి. లెపర్డ్ అంకెలు 6, 5, -2, 1. చివరి అంకె చిన్నదైనకొద్దీ ముగింపులో వాలు తక్కువ, గడ్డిలో దొరికే అవకాశం ఎక్కువ.

ప్లాస్టిక్ విషయంలో చవకరకం తీసుకోండి. చేతికి పట్టు బాగుంటుంది, పోయినా అంత బాధుండదు. చెట్లకి తగిలి అంచులు నలుగుతాయి, నలిగినకొద్దీ కుడిచేతి బాక్‌హాండ్‌కి (చెయ్యి ఒంటికి అడ్డంగా లాగి విసిరే తీరుకి) కుడివైపు తిరగడం మొదలెడుతుంది. అది లోపం కాదు, అలాంటి పాత డిస్కుతో తిన్నటి సందుల్లో ఆడటం తేలిక. కోర్సులో చెరువుంటే ఒక సంగతి: చాలా డిస్కులు మునిగిపోతాయి. తేలేవి కొన్ని మాత్రమే ఉన్నాయి, ఇన్నోవా కంపెనీవారి డ్రాగన్ వాటిలో ఒకటి. నీళ్ళ మీదుగా పోయే హోల్‌కి అదొక్కటి సంచీలో వేసుకోండి.

ఇక వెతకడం. డిస్కు చేతినుంచి వదిలాక దాన్ని కాదు, అది మాయమైన చోటికి వెనక దూరంగా ఏముందో చూడాలి: ఓ దీపస్తంభం, ఓ విరిగిన చెట్టు. కళ్ళు దానిమీద నిలిపి తిన్నగా నడవండి, దారిలో మాటలొద్దు. ఇద్దరున్నప్పుడు ఒకరు ముందే వెళ్ళి ఫెయిర్‌వేలో (టీకీ బాస్కెట్‌కీ నడుమ ఉన్న దారిలో) సగం దూరాన పక్కకి నించుంటే రెండు వేర్వేరు కోణాల గీతలు కలిసే చోటే డిస్కు ఉంటుంది. ఆడేవాళ్ళు దాదాపు అందరూ తమ డిస్కు నిజంగా పోయినదానికంటే ఎక్కువ దూరం పోయిందనుకుంటారు. అందుకని అనుకున్న చోటికి 20 అడుగులు ముందే మొదలెట్టండి. కుడిచేత్తో బాక్‌హాండ్ విసిరితే ఎడమవైపూ, ఫోర్‌హాండ్ విసిరితే కుడివైపూ ముందు చూడండి, ఎందుకంటే చివర్లో వాలేది అటే. చేత్తో గడ్డి కెలక్కండి, కర్రతోగానీ బూటు అంచుతోగానీ రెండడుగుల వెడల్పు వరసలుగా నడవండి.

నియమం ప్రకారం వెతకడానికి 3 నిమిషాలు. దొరక్కపోతే ఒక త్రో జరిమానా, ఇంతకు ముందు విసిరిన చోటికే వెళ్ళి మళ్ళీ విసరాలి. సరదాగా ఆడుకునేటప్పుడు మాయమైన చోటి నుంచే జరిమానాతో ఆడుకోవచ్చు, కాకపోతే మొదలుపెట్టే ముందే అందరూ ఒప్పుకోండి. డిస్కు వెనక చెరగని మార్కర్‌తో ఫోన్ నంబరు రాసిపెట్టండి. మరొకరిది దొరికితే దానిమీది నంబరుకి మెసేజ్ పెట్టడం ఈ ఆటలో గట్టిగా పాటించే మర్యాద.

ప్రశ్న: ఆడొచ్చిన మూడో రోజు మోచేతుల మీద నీటిబొబ్బలు, భరించలేని దురద. డాక్టరు పాయిజన్ ఐవీ అన్నారు. ఆ మొక్కని గుర్తుపట్టడమెలా? ఇక ఆడటం మానెయ్యాలా? — పాఠకురాలు, ఒహాయో

మానక్కర్లేదు. దీని గురించి మన తెలుగువాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడానికి ఓ దారుంది. నల్లజీడి గింజ రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది, మామిడికాయ తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన పడితే కొందరికి మూతి పుండవుతుంది. పాయిజన్ ఐవీ ఆ కుటుంబంలోదే. దాని జిగురులో ఉండే ఉరుషియోల్ అనే నూనెకీ మామిడి సొనలోని పదార్థాలకీ దగ్గర పోలిక ఉంది. మామిడి తొక్క పడని ఒళ్ళయితే ఈ మొక్క విషయంలో మరింత జాగ్రత్తపడండి.

గుర్తులు: ఒక కాడకి మూడు ఆకులు, మధ్య ఆకు కాడ పక్క ఆకుల కాడలకంటే పొడుగు. వసంతంలో లేత ఎరుపు, ఎండాకాలం మెరిసే పచ్చ, శరత్తులో మళ్ళీ ఎరుపు. నేలమీద పాకుతుంది, చెట్టెక్కుతుంది. చెట్టెక్కిన తీగకి గోధుమరంగు వెంట్రుకల్లాంటి వేళ్ళు దట్టంగా ఉంటాయి. ఆకులు రాలిన చలికాలంలో కూడా ఆ తీగలో నూనె ఉంటుంది, పట్టుకోకండి. దాని పక్కనే అయిదాకుల తీగ కనిపిస్తే అది వర్జీనియా క్రీపర్, వేరే మొక్క.

డిస్కు ఆ పొదలో పడితే చేత్తో తీయకండి, కర్రతో లాగండి. మందమైన వినైల్ చేతితొడుగు ఒకటి సంచీలో ఉంచుకోండి. నూనె డిస్కుకి అంటుకుని నెలల తరబడి పోదు. ఆ డిస్కు మరుసటి వారం మీ చేతికి, అక్కణ్ణుంచి మొహానికి పాకుతుంది. చాలామందికి పొదలోకి అడుగు పెట్టకుండానే బొబ్బలు రావడానికి కారణం డిస్కో, బూటు తాడో, పెంపుడు కుక్క బొచ్చో అయివుంటుంది. అందుకని ఆట అయ్యాక డిస్కుని రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. ఒంటికి తగిలిందని అనుమానం రాగానే, వీలైతే పది నిమిషాల్లోపే, గిన్నెలు తోమే సబ్బుతో చల్లటి నీళ్ళలో కడుక్కోండి. గోళ్ళకింద కూడా. నీటిబొబ్బలు పగిలి కారే నీళ్ళ వల్ల దద్దురు వ్యాపించదు, అలా అనిపించేది నూనె ఎక్కువ తగిలిన చోట ముందూ తక్కువ తగిలిన చోట తరవాతా పొక్కడం వల్ల. మొహం మీద, కళ్ళ దగ్గర వస్తే, లేదా జ్వరం తగిలితే సొంతవైద్యం వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ మొక్కల్ని పీకి ఎప్పుడూ తగలబెట్టకండి. పొగతో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నియమాల మాట కూడా చెప్పాలి. టోర్నమెంట్ నిర్వాహకులు ముందే ప్రకటిస్తే తప్ప పాయిజన్ ఐవీ నుంచి ఉచితంగా పక్కకి జరిగే హక్కు లేదు. ఒక త్రో జరిమానా తీసుకుని బాస్కెట్‌కీ డిస్కుకీ గీసిన గీతమీద ఎంత వెనక్కైనా పోవచ్చు. మీలో మీరు ఆడుకునేటప్పుడు జరిమానా లేకుండా జరగనివ్వండి, ఒక త్రో కోసం మూడు వారాల దురద ఎవరికీ వద్దు.

పిడుదుల సంగతి మీరు అడగలేదుగానీ అదే గడ్డిలో అవీ ఉంటాయి. లేత రంగు పొడుగు ప్యాంటు, దానిమీదికి లాగిన సాక్సు. బట్టలకీ బూట్లకీ 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుమందు ముందురోజే కొట్టి ఆరబెట్టుకోండి. అది ఒంటికి రాసుకునేది కాదు, ఇంట్లో పిల్లి ఉంటే తడిగా ఉన్నప్పుడు దాని దగ్గరికి రానీయకండి. ఇంటికొచ్చాక బట్టలు ఉతక్కముందే డ్రయర్‌లో ఎక్కువ వేడిమీద 10 నిమిషాలు తిప్పితే పిడుదులు చస్తాయి. మోకాలి వెనక, చంకలో, నడుం దగ్గర, జుట్టులో వెతకండి. కరిచి ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని మెలితిప్పకుండా నిలువుగా లాగండి. కాల్చడం, నూనె పొయ్యడం పనికిరావు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి సోకాలంటే మామూలుగా ఆ పిడుదు ఒంటిమీద 24 గంటలకు మించి పట్టుకుని ఉండాలి, కాబట్టి ఆ రాత్రే చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. కరిచిన కొన్ని వారాల్లోపు వలయంలా ఎర్రటి మచ్చగానీ జ్వరంగానీ వస్తే డాక్టరుకి పిడుదు కరిచిందని చెప్పండి.

ప్రశ్న: టీ సిమెంటు పగిలి, ముందంచు దగ్గర మట్టి కొట్టుకుపోయి అర అడుగు గుంట పడింది. అక్కణ్ణుంచే విసరాలా? — పాఠకుడు, ఇండియానా

నించుని విసరండి, పరుగు వద్దు. విసిరాక ముందుకు పడే కాలు ఆ గుంటలోకి దిగే టీలు మోకాళ్ళని పాడుచేస్తాయి. పలక వాడటానికి వీల్లేనప్పుడు పక్కన చదునైన చోట టీ గీత ఒకటి అనుకోండి. పలక లేని టీకి ఎలాగూ నియమం ఉంది: గీతకి వెనక 3 మీటర్ల దాకా ఎక్కణ్ణుంచైనా విసరవచ్చు. పలక బాగానే ఉండి జారుతోందంటే పైన నాచో, తడి ఆకులో ఉన్నట్టు. గట్టి కొబ్బరి చీపురు కారులో ఉంచుకుంటే రెండు నిమిషాల పని.

గుంట పూడ్చడం కష్టం కాదు, పార్కువాళ్ళ అనుమతి ఉంటే చాలు. ఉత్త మట్టి పోస్తే మొదటి వానకే పోతుంది. కంకరపొడి పోసి, మూడంగుళాలకోసారి తడిపి దిమ్మిస కొట్టి, పలక అంచుకి సమంగా తెచ్చి, ముందుకి మూడడుగుల దాకా వాలుగా పరవాలి.

ప్రశ్న: మా బాస్కెట్‌లో లోపలి గొలుసులు సగం లేవు. బాగా విసిరిన పట్ (దగ్గర్నుంచి బాస్కెట్‌లోకి వేసే త్రో) కూడా దూరి అవతలికి పోతోంది. పైగా బాస్కెట్ ఒరిగింది. — పాఠకుడు, ఇల్లినాయి

బాస్కెట్‌లో గొలుసులు రెండు వరసలు. బయటి వరస డిస్కు వేగం తగ్గిస్తుంది, లోపలిది గుంజకి తగిలి ఎగిరిపోకుండా ఆపుతుంది. లోపలి వరస లేనప్పుడు గట్టిగా విసిరిన పట్ గుంజకి తగిలి వెనక్కొస్తుంది, లేదా పక్కనుంచి దూసుకుపోతుంది. అందుకని మెల్లగా, కొంచెం ఎత్తుగా, పైనుంచి వాలేట్టు వెయ్యండి. కుడిచేతివాళ్ళకి గుంజకి ఎడమపక్క తగిలిన డిస్కు బయటికి జారే అవకాశం ఎక్కువ, ఇలాంటి బాస్కెట్‌లో మరీ ఎక్కువ. గురి గుంజమీదో, దానికి కాస్త కుడిగానో పెట్టండి. బుట్ట కమ్మీల మధ్యనుంచి పక్కగా దూరి ఇరుక్కున్నది లెక్కలోకి రాదు, పైకప్పు మీద ఆగినదీ రాదు.

గొలుసులు పోవడానికి దొంగతనం కంటే ఎస్ ఆకారపు కొక్కేలు విచ్చుకోవడమే ఎక్కువ కారణం. పిల్లలు గొలుసులు పట్టుకుని ఊగుతారు, కొక్కెం తెరుచుకుంటుంది. చాలాసార్లు గొలుసు అక్కడే గడ్డిలో పడి ఉంటుంది, వెతకండి. పార్కువాళ్ళని అడిగి కొక్కేనికి బదులు స్క్రూ బిగించే క్విక్ లింక్ వెయ్యండి, మళ్ళీ విచ్చుకోదు. కొత్త గొలుసు కావాలంటే పాతదొకటి విప్పి హార్డ్‌వేర్ షాపుకి పట్టుకెళ్ళి, కొలత చూసి కాకుండా లింకులు లెక్కపెట్టి కోయించండి. ఒక్క లింకు ఎక్కువైనా ఆ గొలుసు వదులుగా వేలాడి డిస్కుని ఆపదు. గాల్వనైజ్ చేసినదే తీసుకోండి.

ఒరిగిన బాస్కెట్‌ని తోసి నిలబెట్టి చుట్టూ రాళ్ళు కూరడం ఏ పార్కులో చూసినా కనిపించే పని, ఒక్క చలికాలం కూడా ఆగదు. నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉన్న సిమెంటు దిమ్మని పైకి ఎత్తేస్తుంది. కాబట్టి గొయ్యి అడుగున వెడల్పు చెయ్యాలి. 12 అంగుళాల వ్యాసం, 18 అంగుళాల లోతు దిమ్మకి 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు రెండు పడతాయి. మంచు గట్టిగా పడే రాష్ట్రాల్లో ఇంకా లోతుకి పోవాలి. దిమ్మకింద, బాస్కెట్ గుంజ దిగే గొట్టం అడుగు ఆనేచోట నాలుగంగుళాలు కంకర వేస్తే నీళ్ళు దిగిపోతాయి. లేకపోతే గొట్టంలో నిలిచి గడ్డకట్టి దాన్ని చీలుస్తాయి. గొట్టం నోరు టేపుతో మూసి, తాళం వేసే చెవికి కాంక్రీటు అంటకుండా చూసి, లెవెల్ పెట్టి రెండు వైపులా నిలువు సరిచూడండి. ఇక్కడ ఒక డిగ్రీ తప్పితే అయిదడుగుల ఎత్తున అంగుళం ఒరుగుతుంది. రెండు రోజులాగి బాస్కెట్ దించండి. తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యాలి. అమెరికాలో ఎక్కడైనా డబ్బు తీసుకోకుండా గ్యాసు, కరెంటు లైన్లు గుర్తుపెట్టి పోతారు, కొన్ని పనిదినాల ముందు చెప్పాలి. పార్కు కదా ఏముంటుందిలే అనుకోవద్దు, స్ప్రింక్లర్లకీ దీపాలకీ వైర్లు నేలలోనే పోతాయి. పార్కు సొంత లైన్లని 811వాళ్ళు మామూలుగా గుర్తుపెట్టరు, వాటి సంగతి పార్కువాళ్ళనే అడగాలి.

ప్రశ్న: పార్కు డిపార్ట్‌మెంటుకి రెండుసార్లు రాశాను. "చూస్తాం" అన్నారు, ఏమీ జరగలేదు. మేం అయిదారుగురం తెలుగు కుర్రాళ్ళం వారాంతాల్లో పని చెయ్యడానికి సిద్ధం. ఎలా కదిలించాలి? — పాఠకుడు, కాన్సాస్

మీరు రాసినది "కోర్సు పాడైపోయింది, బాగుచేయండి" అన్న తీరులో ఉంటే జవాబు అంతే వస్తుంది. ఆ ఉత్తరం అందుకున్న మనిషి చేతిలో ఒక మొవర్ (గడ్డి కోసే బండి), ఇద్దరు పనివాళ్ళు, చూసుకోవాల్సిన నాలుగు పార్కులు ఉంటాయి. అతను చెయ్యగలిగినంత చిన్న పని అడగాలి.

ముందు ఆ స్థలం ఎవరిదో తేల్చుకోండి. సిటీదా, కౌంటీదా, స్కూలు డిస్ట్రిక్ట్‌దా? తప్పు ఆఫీసుకి రాసిన ఉత్తరాలు చాలా ఉంటాయి. తరవాత ఒకే పేజీ తయారుచేయండి: హోల్ నంబరు, లోపం, ఫోటో, ఏం చెయ్యాలి, అందులో మీరు చెయ్యగలిగేదేది. వరస కూడా మీరే చెప్పండి. మా లెక్కలో మొట్టమొదట రావలసింది గడ్డి కొయ్యడం, కొత్త బాస్కెట్లు కాదు. గడ్డి కోస్తే జనం వస్తారు, జనం నడిస్తే సగం గడ్డి దానంతటదే అణుగుతుంది. అన్నీ కొయ్యమని అడగొద్దు. టీ చుట్టూ, టీ నుంచి ఫెయిర్‌వే దాకా మొవర్ రెండుసార్లు తిరిగినంత దారి, డిస్కులు ఎక్కువగా పడే చోట ఓ ముక్క, బాస్కెట్ చుట్టూ 30 అడుగుల వలయం. అంతకే రెండు వారాలకోసారి ఒప్పించండి. మిగతా గడ్డి పెరగనివ్వండి, పిట్టలకీ పురుగులకీ అది కావాలి. కుదిరే పనే అడిగారని వాళ్ళకీ తెలుస్తుంది.

హోల్స్ తగ్గించమని అడగడానికి వెనకాడకండి. 18లో ఆరు నడకదారినో, పిల్లల ఆటస్థలాన్నో దాటుకుపోతుంటే వాటిని మూసెయ్యమని మీరే చెప్పండి. ఆ ఆరు బాస్కెట్ల గొలుసులూ, కొక్కేలూ మిగిలిన పన్నెండింటికి విడిభాగాలవుతాయి. కొత్త బాస్కెట్ ఒక్కొక్కటి కొన్ని వందల డాలర్లు, ఊరి బడ్జెట్‌లో అది తేలిగ్గా రాదు. 12 శుభ్రమైన హోల్స్ ఉన్న కోర్సుకి మనిషి రెండోసారి వస్తాడు. 18 పాడైన హోల్స్ ఉన్నదానికి రాడు.

ఈ-మెయిల్‌తో కదలకపోతే సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్ళండి. పౌరులు మాట్లాడటానికి కొన్ని నిమిషాలిస్తారు, ముందు పేరు ఇవ్వాల్సి ఉంటుంది. మీ రాష్ట్రంలోనే చెప్పుకోవడానికి ఉదాహరణ ఉంది: పాతిక వేల లోపు జనాభా ఉన్న ఎంపోరియా ఊరు 2016లోనూ 2022లోనూ ప్రపంచ చాంపియన్‌షిప్‌కి ఆతిథ్యమిచ్చింది. మీ ఊరు అంత చెయ్యాలని కాదు, చిన్న ఊరికి ఈ ఆట బరువు కాదని చూపించడానికి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు కూడా ఇలాంటి స్వచ్ఛంద సేవ చెయ్యవచ్చు, కాకపోతే డబ్బుగానీ దానికి బదులు మరేదైనాగానీ పుచ్చుకోకూడదు.

పని రోజున ముందు పార్కువాళ్ళ వాలంటీరు ఫారం మీద సంతకాలు పెట్టండి. రంపం వాళ్ళ మనిషి చేతిలోనే ఉండనివ్వండి. మీకు చీపుర్లు, పారలు, చేతికత్తెరలు, కొక్కేలు బిగించే పని చాలినంత ఉంటుంది. ఒక్కటి మరవకండి: త్రాడు తిరిగే గడ్డి మిషన్‌తో పాయిజన్ ఐవీ కొయ్యకూడదు, ముక్కలూ రసమూ కాళ్ళమీదా మొహంమీదా చిమ్ముతాయి. కొత్త టీ పలక పోద్దామన్న ఉత్సాహం మొదట్లోనే వద్దు. 5 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 4 అంగుళాల మందం పలకకి 80 పౌండ్ల బస్తాలు 33 పైన పడతాయి. చేత్తో కలిపేసరికి మొదట పోసింది గట్టిపడి మధ్యలో అతుకు పడుతుంది, అక్కడే పగులుతుంది. అది రెడీమిక్స్ లారీ వచ్చినప్పుడు చేసే పని.

ప్రశ్న: డిస్కు ముందు అడ్డంగా కొమ్మ ఉంటే విరిచెయ్యొచ్చా? — పాఠకుడు, మిషిగన్

బతికున్న కొమ్మ అయితే విరవకూడదు, వంచి పట్టుకోకూడదు. మీ కాలు పెట్టే చోట విడిగా పడి ఉన్న పుల్లలు, రాళ్ళు, ఆకులు తీసెయ్యవచ్చు. ముందున్నవి తీయకూడదు. నించునే తీరు కూడా మొక్కలు వీలైనంత తక్కువ కదిలేట్టు ఉండాలి. చెయ్యి ఊపినప్పుడు ఆకులు తగిలితే తప్పులేదు.

ప్రశ్న: చలికాలంలో మంచులో కూడా ఆడొచ్చంటారా? — పాఠకురాలు, మిన్నెసోటా

పాడైన కోర్సుకి చలికాలమే మంచి కాలమని మా అభిప్రాయం. గడ్డి అణిగిపోతుంది, పిడుదుల బెడద బాగా తగ్గుతుంది, ఎండాకాలం కనిపించని టీలు బయటపడతాయి. డిస్కులు చలికి గట్టిపడి చేతికి జారతాయి, పట్టు ఇచ్చే మెత్తటి పటర్ తీసుకెళ్ళండి, రెండోదాన్ని కోటు లోపల వెచ్చగా ఉంచుకుని మార్చి మార్చి వాడండి. మెత్తటి మంచులో డిస్కు పక్కనుంచి దూరి అడుగున జారిపోతుంది, పైన కన్నం కూడా సన్నటి గీతలాగే ఉంటుంది. డిస్కు అడుగున మధ్యలో రెండు మూడడుగుల రంగు రిబ్బన్ టేపుతో అతికించండి. కొంచెం దూరం తగ్గుతుంది కానీ డిస్కు లోపలికి పోయినా తోక పైనే ఉంటుంది. టేపుని డిస్కు గది వెచ్చదనంలో, పొడిగా ఉన్నప్పుడే అతికించాలి. బయటికొచ్చాక అతికిస్తే పట్టుకోదు.